నేల మీద చోటు

మా కోరుట్ల సత్సంగంలో పారాయణం చేసే మనిషి పీట మీద కూర్చోవాలి. టేకు పీట, నేలకు నాలుగు వేళ్ల ఎత్తు. దాని ముందు వ్యాసపీఠం, దాని మీద పట్టుగుడ్డ, గుడ్డ మీద గ్రంథం. వినేవాళ్లు చాపల మీద కూర్చుంటారు. మోకాళ్లు పనిచేయనివాళ్లకు, ఆపరేషన్లు అయినవాళ్లకు గోడ వెంట ప్లాస్టిక్ కుర్చీలు వేస్తారు. కుర్చీలో ఉన్నవాళ్లు వినవచ్చు, భజనలో గొంతు కలపవచ్చు, హారతి కళ్లకద్దుకోవచ్చు. పారాయణం మాత్రం చేయరు. కొత్తగా చేరిన ఒకామె ఎందుకని అడిగింది. మా అందరికన్నా పెద్దావిడ, మేము పెద్దమ్మ అని పిలిచే ఆమె, "పుస్తకం కింద, నువ్వు మీదనా?" అన్నది.

"బల్లేసి దాని మీద పెట్టుకుంటం" అన్నది కొత్తామె.

"బల్లేసుకొని కూసుంటె గది పారాయణమైతదా? తాసిలాఫీసైతది."

ఆ మాట అక్కడితో తెగింది.

ఆ పీట మీద నేను చాలా ఏళ్లు కూర్చున్నాను. మాది సిరిసిల్లలో నేతపని చేసే ఇల్లు. మా నాన్న పగలు మగ్గం నడిపి, సాయంత్రం మా వాడ గుడిలో పురాణం చదివేవాడు. నాకు చదవడం నేర్పింది ఆయనే. ఇంట్లో మగ్గాలు ఆడుతుండగానే చదివించేవాడు. ఆ చప్పుడు మీదుగా వాకిట్లో కూర్చున్న నానమ్మకు వినబడాలి. అందుకే నా గొంతు పెద్దది. కోరుట్లకు కోడలిగా వచ్చాక మైకు లేకుండా చదివే ఆడమనిషి ఒకరు వచ్చారని సత్సంగం వాళ్లు ఇంటికి వచ్చి పిలిచారు. ఆ ఏడు కార్తీక సప్తాహం నేను చదివాను. తర్వాత ప్రతి ఏడూ చదివాను.

రెండో కాన్పు తర్వాత ఒళ్లు పెరగడం మొదలైంది. ఎప్పుడు ఎంత పెరిగిందో చెప్పలేను. కూర్చుంటే కూర్చోగలిగేదాన్ని, లేవడం కష్టమయ్యేది. ముందు వ్యాసపీఠం అంచు పట్టుకుని లేచేదాన్ని. అది తప్పని తెలుసు, అయినా పట్టుకునేదాన్ని. ఒక కార్తీకంలో సప్తాహం సంకల్పానికి ముందు రోజు, ఆ పూట పారాయణం ముగించి అలాగే లేవబోతే వ్యాసపీఠం నా వైపు ఒరిగింది. పక్కన కూర్చున్న అమ్మాయి, మేడిపల్లి నుంచి వచ్చిన కోడలు, చెయ్యి అడ్డం పెట్టి గ్రంథాన్ని పట్టుకుంది. నన్ను ఇద్దరు చంకల కింద చేతులు వేసి లేపారు. మరునాడు వెళ్లేసరికి గోడ వెంట ఒక కుర్చీ ఎక్కువ వేసి ఉంది. పీట మీద మేడిపల్లి చెల్లె కూర్చుని ఉంది. నేను వెళ్లి కుర్చీలో కూర్చున్నాను.

కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకుంటే చెల్లె చదివేది నా లోపల ఇంకో గొంతుతో వినబడేది. పద్యం ఎక్కడ విరవాలో ఆమెకన్నా ముందే నా నాలుక కదిలేది. అది వినడం కాదని నాకు తెలుసు. వినేటప్పుడు చదవకూడదని నాన్న చెప్పేవాడు.

మోకాళ్లు చూపించుకోవడానికి జగిత్యాల వెళితే అక్కడి డాక్టరమ్మ బరువు చూసి, కాయితం మీద ఏదో రాసుకుని, "ఇంత ఉన్నరని మీరు గుర్తువెట్టుకోకుండ్రి. అది నా పని" అన్నది. తర్వాత అడిగింది, "నేల మీద కూసుంటరా?"

"కూసుంట. లెవ్వస్తలేదు."

"చేతులు ఆనకుండ లేసిన్నాడు నాకు ఫోన్ జేయుండ్రి. మనకు లెక్క గదే."

నాకు కావలసిన లెక్క అదే అయినా, ఆమె చెప్పిన దాన్ని పక్కన పెట్టి బరువునే పట్టుకున్నాను. మా ఆయన అద్దం పలక లాంటి బరువు మిషను తెచ్చి ఇచ్చారు. దేవుడి అర్ర పక్కన గోడకు ఆనించి పెట్టాను. పొద్దున స్నానం, దీపం, దండం, తర్వాత మిషను. కొన్నాళ్లకు దండం పెడుతున్నప్పుడే మనసు దాని మీదికి పోయేది. ఇంకొన్నాళ్లకు స్వామి ముందు నిలబడి కోరుకునేది కూడా దాని గురించే అయింది. నిన్నటి అంకె కన్నా చిన్నది కనబడితే ఆ రోజు పూజ బాగుండేది, పెద్దది కనబడితే స్వామి మీద అలిగినట్టు ఉండేది. ఆ పలకను తీసుకుపోయి మంచం కింద పెట్టడానికి నాకు కొన్ని నెలలు పట్టింది.

తిండి విషయంలో డాక్టరమ్మ చెప్పినవన్నీ చేశాను. రాత్రి అన్నం మానేసి జొన్నరొట్టె తిన్నాను. తెల్లవారి మల్లాపూర్ వైపు వెళ్లే రోడ్డు మీద నడిచాను. ఏకాదశి నాడు నేను చేసే ఉపవాసం ఏమిటో అడిగి, సగ్గుబియ్యం ఉప్మా, పల్లీలు, ఆలుగడ్డ, రెండు అరటిపళ్లు అని చెబితే ఆమె నవ్వింది. "మామూలు దినం కంటె ఉపాసం నాడే ఎక్కువ తిన్నరు గదమ్మా" అన్నది. నాకు నవ్వు రాలేదు. అంతకాలం ఆకలి లేకుండా చేసిన ఉపవాసాలను ఏ పేరుతో పిలవాలో తెలియలేదు.

ప్రసాదం దగ్గర మాత్రం ఆమెకూ నాకూ మాట పడింది. ప్రసాదం తిండి లెక్కలోకి రాదని నేను. పులిహోర పులిహోరేనని ఆమె. చివరికి శాస్త్రం నాకే దారి చూపింది. ప్రసాదానికి కొలత లేదు, కంటికి అద్దుకున్న మెతుకు కూడా పూర్తి ప్రసాదమే. అప్పటినుంచి దోసిట్లో పెట్టించుకోకుండా చిటికెడు తీసుకుని నోట్లో వేసుకునేదాన్ని. పంచిపెట్టే ఆమె గిన్నె పట్టుకుని నా ముందు ఆగేది.

"గింతేనా?"

"గింత చాలు వదినె."

"స్వామి ప్రసాదం గూడ ఎల్లగొట్టినవా ఇగ?"

ఆమె వేళాకోళంగానే అన్నది. కానీ ఆ చిటికెడును గదిలో అందరూ గమనిస్తున్నారని నాకు తర్వాత తెలిసింది.

మొదట్లో అంకె తగ్గింది. వానాకాలం వచ్చేసరికి నిలబడిపోయింది. నడక పెంచాను, రొట్టె తగ్గించాను, అది కదల్లేదు. ఆ రోజుల్లోనే సిరిసిల్ల వెళ్లాను. మా తమ్ముడు ఇప్పుడు పవర్‌లూమ్‌లు నడుపుతున్నాడు. షెడ్డు ముందర నూలు మూటలు తూచే పెద్ద కాంటా ఉంటుంది. మిషను పాడైందేమో అని నేను అనగానే వాడు నన్ను చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు.

"ఎక్కు అక్కా. ఇది అబద్ధమాడది. దీని మీద షావుకార్లే నోరు మూస్తరు."

ఎక్కాను. ఇంట్లో చూపించిన అంకెనే చూపించింది.

"నూలుకైతె నీళ్లు గొట్టి బరువు పెంచుతరు. నువ్వేం గొట్టుకున్నవే?" అన్నాడు.

మా అమ్మ లోపలినుంచి వచ్చి కాంటా మీద నన్ను చూసింది. "ఆడివిల్లను మూటల మీద ఎక్కిస్తవురా! ముందుగాల దాని మొకం జూడు. బుగ్గలేడ వోయినై? మెడ బొక్కలు తేలినై." నా వైపు తిరిగి, "అత్తగారింట్ల తిండి వెడ్తలేరా బిడ్డా?" అన్నది.

"వాళ్లకు వండిపెట్టేదే అక్క" అన్నాడు తమ్ముడు.

"నువ్వు సప్పుడు జేయకు."

అమ్మ ఉప్పు, మిరపకాయలు తిప్పి దిష్టి తీసింది. కంచంలో అన్నం కుప్పగా పోసి నెయ్యి వేసింది. తినలేనంటే కళ్లనీళ్లు పెట్టుకుంది. నేను ఆమె ముఖం చూడలేదు, కాంటా అంకె గురించే ఆలోచిస్తూ తిన్నాను. ఇద్దరం నన్నే చూస్తున్నాం. ఆమెకు కనబడింది నాకు కనబడలేదు.

తిరుగు బస్సులో వస్తూ కుర్చీయే నా చోటు అనుకున్నాను. స్వామి ఎక్కడ కూర్చోబెడితే అక్కడ. దానికి శరణాగతి అని పేరు పెట్టుకున్నాను. అసలు పేరు అలసట. ఇంటికి వచ్చి మిషనును మంచం కిందికి తోసింది ఆ సాయంత్రమే. నడక మాత్రం మానలేదు. పొద్దున్నే మెలకువ వచ్చేది, కాళ్లకు అలవాటైంది.

మేము చదివే గ్రంథంలో, సప్తాహం నాలుగో రోజు వచ్చే చోట, ఒక పొడుగు దండకం ఉంది. దాన్ని చదవడానికి ఊపిరి కావాలి. నాన్న దాన్ని మధ్యలో ఆపకుండా చదివేవాడు. "పోగు తెగితె మగ్గం ఆగుతది, ఊపిరి తెగితె పదం ఆగుతది" అని నవ్వేవాడు. ఒళ్లు పెరిగిన ఏళ్లలో నేను దాన్ని ముక్కలు చేసి చదివేదాన్ని, వినేవాళ్లకు తెలియకుండా ఒక చోట దగ్గు తెచ్చుకుని గాలి పీల్చుకునేదాన్ని. శ్రావణంలో ఒక పొద్దున దేవుడి అర్రలో నిలబడి దండకం చెప్పుకుంటూ ఉంటే దగ్గవలసిన చోటు దాటిపోయింది. ఇంకా ఊపిరి ఉంది. చివరి సంబోధన దాకా వెళ్లి ఆగాను. దీపం వత్తి సవరించి మళ్లీ మొదటినుంచి చెప్పాను. మళ్లీ అలాగే వచ్చింది. ఇది స్వామి దయ అనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను. నడకను ఆయన దయలోంచి విడదీసి చూడడం నాకు చేతకాదు.

తర్వాత రవికె వదులు కావడం. తర్వాత గుడి మెట్లు, పైకి ఎక్కాక నిలబడి ఎవరితోనైనా మాట్లాడే సాకు వెతుక్కోకుండా నేరుగా లోపలికి పోవడం. ఇవి ఒక్కొక్కటే వచ్చాయి. ఇవేవీ అంకె చెప్పే సంగతులు కావు.

ఆ తర్వాత మట్టె. నా కాలివేళ్లకు మట్టెలు మాంసంలో దిగి ఉండేవి. సబ్బు రాసినా వచ్చేవి కావు. బతుకమ్మ పండుగ అయిన కొద్దిరోజులకు, సత్సంగం వాళ్లమంతా గుళ్లో ప్రదక్షిణలు చేస్తున్నాం. నా వెనక నడుస్తున్న మల్లాపూర్ ఆమె వంగి నేల మీదినుంచి ఏదో తీసింది.

"ఎవల్ది గీ మట్టె?"

అందరూ కాళ్లు చూసుకున్నారు. నా ఎడమకాలి వేలు ఖాళీగా ఉంది. తెల్లటి గాడి మాత్రం మిగిలింది. ప్రదక్షిణ ఆగిపోయింది. మట్టె ఊడి పడడం అంటే మా దిక్కు ఆడవాళ్లు ఏమనుకుంటారో చెప్పనక్కర్లేదు. పెద్దమ్మ ఆ మట్టెను తీసుకుని కుంకుమ అద్ది నా చేతిలో పెట్టింది.

"ఆయినె ఏడున్నడు?"

"దుకాణంల ఉన్నడు పెద్దమ్మా."

"ఫోన్ జెయ్."

చేశాను. మా ఆయనకు బట్టల దుకాణం. "ఏంది?" అన్నారు.

"ఏం లేదు."

"ఏం లేకుంటె ఫోనెందుకు? గిరాకున్నరు ఈడ."

పెట్టేశారు. పెద్దమ్మ నా చెవి దగ్గర చెవి పెట్టి విన్నది. "గొంతు మంచిగనే ఉన్నది" అన్నది. ప్రదక్షిణ మళ్లీ మొదలైంది. వేలు సన్నబడి మట్టె జారిందని నేను చెప్పాను. పెద్దమ్మ నా కాలు చూసింది, తర్వాత ముఖం చూసింది, తర్వాత ఎదురుగా ఉన్న ఇంకొకామెను చూసింది. ఆ చూపును నేను పట్టించుకోలేదు. నాకు సంతోషంగా ఉంది.

ఇంటికి వెళ్లి దేవుడి అర్రలో తలుపు మూసి నేల మీద కూర్చున్నాను. చేతులు ఒడిలో పెట్టుకుని, ముందుకు వంగి, లేచాను. ఒకసారి గోడ తగిలింది. మళ్లీ కూర్చుని గోడకు దూరంగా జరిగి లేచాను. చేతులు ఒడిలోనే ఉన్నాయి. డాక్టరమ్మకు ఫోన్ చేశాను. ఆమె బరువెంత అని అడగలేదు. "కార్తీకం ఎన్నడు మొదలైతదమ్మా?" అని మాత్రం అడిగింది.

సత్సంగంలో చోటు అడగరు. అది మా పద్ధతి. పీట మీద ఎవరు కూర్చోవాలో పెద్దమ్మ చెబుతుంది, వాళ్లు కూర్చుంటారు. కాబట్టి నేను ముందుగా వెళ్లి, కుర్చీ వదిలి, చాప మీద ముందు వరసలో కూర్చుంటే ఆమే చూసి అర్థం చేసుకుంటుందని అనుకున్నాను.

ఆలోపు కొన్ని వింతలు జరిగాయి. నేను వెళ్లగానే మాటలు ఆగేవి. నా కుర్చీ ఫ్యాను కిందికి జరిగింది. నా చేతిసంచి ఎవరో ఒకరు అందుకునేవారు. ధర్మపురి వెళ్లివచ్చిన ఆమె అందరికీ కుంకుమ పొట్లం ఒకటి ఇచ్చి నాకు రెండు ఇచ్చింది. పెద్దమ్మ చాప మీదినుంచి లేచేటప్పుడు దగ్గరున్న వాళ్ల భుజం పట్టుకుని లేస్తుంది. ముందు నా కుర్చీ దగ్గరే కూర్చుని నా మోకాలి మీద చెయ్యి వేసి లేచేది. ఇప్పుడు నన్ను దాటి మేడిపల్లి చెల్లెను పిలుస్తున్నది. ఒకరోజు మా ఆయన అన్నం తింటూ, "మీ సత్సంగపోళ్లకు ఏమైంది? దుకాణంలకు అచ్చి చీరలు సూడరు, నన్ను సూసి పోతరు. ఒకామె ధైర్నంగ ఉండాలె అన్నది. దేనికో చెప్పలే" అన్నారు. మట్టె సంగతి చెప్పాను. ఆయన నవ్వి మజ్జిగ పోసుకున్నారు.

సప్తాహం సంకల్పం రోజున నేను అందరికన్నా ముందు వెళ్లి చాప మీద కూర్చున్నాను. కోరుట్ల రోడ్ల మీద వడ్లు ఆరబోసిన రోజులు. ఆటో తిరిగి తిరిగి రావడంతో మిగతావాళ్లు ఆలస్యంగా వచ్చారు. రాగానే ఒకామె, "అయ్యో, కింద కూసున్నవేందక్కా!" అన్నది. ఇంకొకామె పరుగున వచ్చింది. నేను నోరు తెరిచేలోగా చెరొక చెయ్యి పట్టి నన్ను లేపి కుర్చీలో పెట్టారు. "నీకెందుకే కష్టం. నువ్వు మంచిగ ఆనుకొని కూసో." ఎత్తినప్పుడు వాళ్లలో ఒకామె ఇంకొకామెతో, "అల్కగైంది సూడు" అన్నది.

పంతులు సంకల్పం మొదలుపెట్టారు. పారాయణం చేసేవారిగా మేడిపల్లి చెల్లె పేరు చెప్పారు. అది విని నేను కళ్లు మూసుకున్నాను. తర్వాత అందరి గోత్రాలు కలిపి చెప్పారు. ఆ తర్వాత ఆగి, నా గోత్రం, నా పేరు, మా ఆయన పేరు విడిగా చెప్పి, అపమృత్యు దోష నివారణ కోసం అన్నారు. కళ్లు తెరిచి చూస్తే గదిలో అందరూ చేతులు జోడించి నా వైపే తిరిగి ఉన్నారు. మల్లాపూర్ ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంటున్నది.

పూజ అయ్యాక పెద్దమ్మ దగ్గరికి వెళ్లాను. "నాకేమైందని గీ సంకల్పం?" అన్నాను.

"నువ్వే జెప్పాలె బిడ్డా. మా దగ్గర దాసుడెందుకు?"

"దాసెటందుకు ఏం లేదు."

"మట్టె వడ్డది. బుగ్గలు వోయినై. ప్రసాదం గుడ దిగుతలేదు. నెలకోసారి జగిత్యాల దవాఖానకు వోతున్నవ్. మేమేం సిన్నపోరగాళ్లమా?"

"బరువు తగ్గుదామని పోతున్న పెద్దమ్మా. నడుస్తున్న, రాత్రి బువ్వ తింటలేను. గంతే."

"తగ్గినవా మరి?"

అక్కడే నేను పొరపాటు చేశాను. ఎప్పుడూ అబద్ధం చెప్పని గదిలో ఉన్నదున్నట్టు చెప్పాను. "ముందుగాల జర తగ్గిన. వానకాలంల సూసుకుంటె గాడ్నే ఆగింది."

పెద్దమ్మ చుట్టూ ఉన్నవాళ్లను చూసింది. "ఇన్నరా? బరువు తగ్గుతలేదంట. బుగ్గలు మాత్రం వోయినయంట. ఇంక రోగం గాకపోతె ఏందిది?"

"లోపల నీరేమో పెద్దమ్మా" అన్నది ఒకామె. "మా మేనత్తకు గిట్లనే."

నాకు కోపం రాలేదు. వాళ్లు చెప్పినదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అదే అంకెను పట్టుకుని నేను నాకు ఏమీ జరగలేదని నమ్మాను. అదే అంకెను పట్టుకుని వాళ్లు నేను పోతున్నానని నమ్మారు. ఆ అంకెను గుర్తుపెట్టుకోవద్దని డాక్టరమ్మ నాతో ఎందుకన్నదో అప్పుడు అర్థమైంది.

"పెద్దమ్మా, నేను ఈ ఏడు పీట మీద కూసుందామని అచ్చిన" అన్నాను. చోటు అడగడం అదే మొదటిసారి.

మేడిపల్లి చెల్లె గబుక్కున, "కూసో అక్కా, నేను లేస్త" అన్నది.

"లేస్తవా? సంకల్పం నీ పేరున అయింది. ఏడు దినాలదాక మారది" అన్నది పెద్దమ్మ. తర్వాత నా వైపు తిరిగి, "లేసి కూసుంటవా నువ్వు? సూపియ్" అన్నది.

అందరి మధ్యలో చాప మీద కూర్చున్నాను. చేతులు ఒడిలో పెట్టుకుని లేచాను. ఇద్దరు పట్టుకోవడానికి ముందుకు వచ్చారు, పట్టుకునే అవసరం రాలేదు. "ఇంకోసారి" అన్నది పెద్దమ్మ. ఇంకోసారి లేచాను. మల్లాపూర్ ఆమె ఏడుపు ఆపి నవ్వింది. పెద్దమ్మ నవ్వలేదు. "మరి ముందుగాల జెప్పుడుకేమాయె? పంతులుకు కొబ్బరికాయ గుడ ఇచ్చినం నీ పేరు మీద" అన్నది. పీట వైపు చూసి, "పీట దానిది. పక్కపొంటి చాప మీద నువ్వు కూసో" అని తేల్చింది.

అలా ఆ సప్తాహం నేను పీట పక్కన నేల మీద కూర్చున్నాను. కోరుకున్నది పీట. దొరికింది దాని పక్కన చోటు. మొదటి రోజు నా నాలుక పాతరోజుల్లో లాగే ముందు పరుగెత్తింది. రెండో రోజు ఆగింది. అప్పటిదాకా చెల్లె చదివే తీరు నేను ఎన్నడూ వినలేదని తెలిసింది. ఆమె పద్యం చివర గొంతు తగ్గిస్తుంది. నేను ఎత్తుతాను. తగ్గించినప్పుడు అర్థం ఇంకాసేపు గదిలో ఉంటుంది.

నాలుగో రోజు దండకం వచ్చింది. చెల్లె సగం దాకా వెళ్లి ఆగింది. దగ్గింది. ఆ దగ్గు నాకు తెలిసినదే. మళ్లీ మొదలుపెట్టి మళ్లీ ఆగింది. ఆమెకు జలుబు చేసి ఉంది, రెండు రోజులుగా చూస్తున్నాను. వ్యాసపీఠాన్ని చేతులతో పట్టి నెమ్మదిగా నా వైపు జరిపి, పెద్దమ్మను చూసింది.

పెద్దమ్మ కళ్లు మూసుకునే, "పీట మీద నువ్వే ఉండు. ఊపిరి ఆమెది కానీ. పుస్తకం ఒక్కటే గదా" అన్నది.

చాప మీద కూర్చునే ఉన్నాను కాబట్టి లేవవలసిన పని లేకపోయింది. కొంచెం ముందుకు జరిగాను. గ్రంథం కళ్ల ఎత్తుకు కిందనే ఉంది, ఒంటికి దగ్గరగా ఉంది. కుర్చీలో కూర్చున్న ఏళ్లలో అక్షరాలు చూడలేదు. మొదటినుంచి ఎత్తుకున్నాను. నేను చదువుతున్నంతసేపూ ఎవరో పల్లకీలో మోసుకుపోతున్నట్టు పదాలు వాటంతట అవే వెళ్లాయి. దగ్గే చోటు వచ్చి పోయింది. చివరి సంబోధన అయ్యాక కూడా కొంత గాలి మిగిలింది. ఆ గాలితోనే నమస్కారం చెప్పి వ్యాసపీఠాన్ని చెల్లె ముందుకు జరిపాను. ఆమె తరువాతి అధ్యాయం అందుకుంది.

నా పేరు మీద చేసిన సంకల్పం గురించి తర్వాత చాలాసార్లు ఆలోచించాను. లేని రోగానికి చేసిన ప్రార్థన ఎటు పోతుంది? వృథా అయిందని నేను అనుకోను. ఇంతమంది చేతులు జోడించి నా ఆయుష్షు అడిగారు. నాకు అవసరం లేకపోతే అవసరమున్న వాళ్ల ఖాతాలో స్వామి వేసి ఉంటాడు. మా సత్సంగంలో ఆ ఏడు గోడ వెంట కుర్చీల్లో కూర్చున్నవాళ్లు చాలామంది ఉన్నారు.

మట్టెలు మాత్రం సిరిసిల్లలో మా అమ్మ చేయించిన కొత్తవి వేసుకున్నాను, చిన్నవి. వేసేటప్పుడు మళ్లీ బుగ్గల గురించి అన్నది.

దండకం చదివిన ఆ నాలుగో రోజు, హారతి అయ్యాక అందరూ లేస్తున్నారు. నేను చేతులు ఆనకుండా లేచి, వంగి పట్టుగుడ్డ సర్దుతున్నాను. వెనకనుంచి భుజం మీద చెయ్యి పడింది. పెద్దమ్మ ఇంకా చాప మీదే ఉంది, మోకాలి మీద లేచి అందినంత వరకు చెయ్యి చాపింది. నేను ఇంకొంచెం వంగాను. ఆమె నా భుజం మీద మొత్తం బరువు వేసి, ఒక మూలుగు మూలిగి, లేచి నిలబడింది. నేను కదలలేదు.

"గట్టిగనే ఉన్నవ్ తియ్" అన్నది. అని, గుమ్మం దాకా అలా పట్టుకునే వచ్చి, చెప్పుల కుప్పలో తనవి వెతుక్కోవడం మొదలుపెట్టింది.